మా అక్క కొబ్బరికాయ, వాళ్ల బ్రేకు

ఇన్నేళ్లలో నన్ను ఒక్కరూ అడగలేదు. కార్ల కంపెనీ పెద్దాయన టీవీలో చేతులు కట్టుకుని తల వంచితే, ఆయన ఎంత కుంగిపోయాడో అడగడానికి విలేకరులు వరస కట్టారు. వాటాలు కొన్నవాళ్లకు నిద్ర పడుతోందా అని అడిగారు. ప్రకటనల్లో ఆ కారు నడిపిన సినిమా నటుణ్ణి మీకు బాధగా లేదా అని అడిగారు. బాధగానే ఉందన్నాడాయన, నల్ల కళ్లద్దాలు తీయకుండా. ఇప్పుడు కంపెనీ కోలుకుందట. ఎలా కోలుకుందో పేపర్లలో పెద్ద పెద్ద వ్యాసాలు వస్తున్నాయి. వ్యాపారం చదువుకునే పిల్లలకు పాఠంగా కూడా చెబుతున్నారట. సంతోషం. పడ్డవాళ్లు లేవాలి. కాకపోతే వాళ్లు పడ్డది మా బావ మోకాలి మీద, మా అక్క మనసు మీద. ఆ రెండూ ఇంకా లేవలేదు. ఈ సంగతి రాయడానికి ఏ విలేకరీ నిజామాబాద్ బస్సెక్కలేదు కనుక నేనే రాస్తున్నాను.

నిజామాబాద్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసి బతికినవాణ్ని నేను. పొలం అమ్మినా, ఇల్లు పంచుకున్నా నాలుగు దిక్కుల హద్దులు రాయాలి. తూర్పున ఎవరి గెట్టు, పడమట ఎవరి బావి అన్నదాంట్లో ఒక్క మాట తప్పు పడితే అన్నదమ్ముల మనుమలు కూడా బోధన్ కోర్టు మెట్లు ఎక్కి దిగుతూనే ఉంటారు. అందుకని రాసిన మాటంటే నాకు భయం. తప్పు రాసిన మాటంటే కోపం. ఈ గుణానికి నేను పట్టుదల అని పేరు పెట్టుకున్నాను. మా ఇంటావిడ ఇంకో పేరు పెట్టింది. ఎవరి పెళ్లి బంతిలో నా విస్తరి దాటేసి పక్కవాడికి పోలె, అదే బొబ్బట్టు, వేశారో ఈ రోజుకీ చెప్పగలను. వాళ్ల మనుమడి పెళ్లికి పిలిచారు, వెళ్లలేదు.

కారు కొన్నది చాలా ఆలస్యంగా. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. కోటగిరి దగ్గరి పల్లెకు కాపురానికి వెళ్తూ పెట్టెతో పాటు నన్నూ వెంట తీసుకుపోయింది. అంచేత నా ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు అక్క చేయి పడాలి. కారు తీసుకుని నేరుగా వాళ్ల వాకిట్లో ఆపితే బావ చుట్టూ తిరిగి చూశాడు.

"బామ్మర్దీ, బండి మంచిగుంది. నడిపేటోడు ఎవడు?"

"నేనే."

"అయితే నేను ఎనక ట్రాక్టర్ల వస్త."

మా బావ అలాంటివాడే. ఒకప్పుడు చెరకు రైతు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు ఆయన మాటల్లోనూ బెల్లం ఉండేదని అక్క అంటుంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక వరిలోకి మారాడు, మాటల్లోకి కారం వచ్చింది. ఇంటి వెనక కొద్దిగా చెరకు మాత్రం ఇప్పటికీ వేస్తాడు. ఎందుకంటే, "ఫ్యాక్టరీ తెరుస్తమంటుండ్రు గద, రేపు తెరిచినంక ఈన దగ్గర చెరకు గడ లేకపాయె అని మొకం చిన్నబుచ్చుకుంటరేమో" అంటాడు. కోలుకోవడం అనే మాట మా వైపు ఎంత పాతదో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. ఈ కథంతా దాని మీదే నడిచింది. దసరా నాడు బండికి పూజ చేసి నిమ్మకాయలు తొక్కించడం అందరూ చేసేదే. మేం ఇంకొకటి చేస్తాం. పూజలో పెట్టిన కొబ్బరికాయ ఇంటి ముందు కొట్టం. దాన్ని బండిలోనే ఇంటి పెద్దాడబిడ్డ తన దగ్గర పెట్టుకుని కూర్చుంటుంది. బండి నిజాంసాగర్ పెద్దకాలువ వంతెన మీదికి వచ్చాక ఆమే దిగి, వంతెన గోడకు కొట్టి, నీళ్లు కాలువలో వదులుతుంది. మా తిండి ఆ కాలువ పెట్టింది కాబట్టి మా ఇంటి చక్రం ఏదైనా ఏడాదికోసారి దానికి కనబడాలి. ఎడ్లబండి కాలం నుంచీ ఇంతే. అక్క చేతిలో కాయ ఒక్క దెబ్బకు రెండు చిప్పలయ్యేది. ఊళ్లో ఎవరు బోరు వేసినా, ట్రాక్టరు కొన్నా, నారు పోసినా కాయ కొట్టడానికి మా అక్కకే పిలుపు. "ఆమె చేయి మంచిది" అనేవారు. మా అక్కకు చదువు రాదు, బంగారం లేదు. ఉన్న పేరు అదొక్కటే.

కారు కొన్న మరుసటి ఏడు ఎండాకాలం నుంచి బ్రేకు నాకు నచ్చలేదు. కాలు పెడితే ఒక్కోసారి పెడల్ నానిన అటుకుల్లా మెత్తగా దిగేది. షోరూము వెనక సర్వీసు సెంటరుకు తీసుకెళ్లి చెప్పాను. అక్కడి కుర్రాయన నా చెప్పుల వంక చూశాడు.

"పాత స్కూటర్ అలవాటు సార్ మీకు. కొత్త బండ్లల్ల బ్రేక్ గట్లనే స్మూతుగ ఉంటది."

"స్మూతుగ ఉండాలిసింది సీటు బిడ్డా, బ్రేకు కాదు."

నవ్వాడు. కారు కడిగించి, అద్దానికి వేలాడదీసే సువాసన బిళ్ల ఒకటి బహుమతిగా ఇచ్చి పంపాడు. వానాకాలంలో మళ్లీ వెళ్లాను. మళ్లీ బిళ్ల ఇచ్చాడు, ఈసారి మల్లె వాసనది. కంపెనీ నా ఫిర్యాదులకు ఇంతవరకు ఇచ్చిన జవాబుల్లో ఆ బిళ్లలే నయం. కనీసం వాసన వచ్చేవి.

ఆ దసరా నాడు అక్క వాకిట్లో పూజ అయ్యింది. మా ఇంటావిడ వంట దగ్గర ఉండిపోయింది. అక్క, బావ, నేను బయలుదేరాం. పెద్దకాలువ వంతెన మీద కాయ కొట్టి, అక్కణ్నుంచి మోస్రాలో ఉండే బావ వాళ్లన్నకు జమ్మి ఆకు చేతిలో పెట్టి రావాలని అనుకున్నాం. బావ ముందు సీట్లో నా పక్కన, అక్క వెనక సీట్లో. కాయ అక్క కాళ్ల దగ్గర ఎర్రగుడ్డలో ఉంది.

వర్ని దాటాక, వంతెన ఇంకా రాకముందే, రోడ్డు మీద సగం వడ్లే. కోతలు మొదలైతే మా వైపు రోడ్లన్నీ కళ్లాలే. ఆరబోసిన వడ్ల చుట్టూ రాళ్లు పెడతారు, మిగిలిన సగంలో అటూ ఇటూ బండ్లు పోవాలి. మలుపు తిరిగేసరికి ఎదురుగా గడ్డి ట్రాక్టరు. నేను బ్రేకు మీద కాలు పెట్టాను. పెడల్ కిందికి పోయింది. పోయి పోయి నేలకు తగిలింది. కారుకు మాత్రం ఆ సంగతి తెలియలేదు. మళ్లీ తొక్కాను, మళ్లీ నేలకే. ఒక పక్క వడ్లు, వాటి మీద కూర్చున్న ముసలమ్మ. ఇంకో పక్క చెరకు తోట. చెరకులోకి తిప్పాను. గట్టు దిగేటప్పుడు ముందు భాగం పిల్లకాలువ రాయికి గుద్దుకుంది. అటువైపు బావ ఉన్నాడు. ఆయన మోకాలు డ్యాష్‌బోర్డు కింద ఇరుక్కుంది.

అంత నొప్పిలోనూ ఆయన అన్న మొదటి మాట, "నేను ట్రాక్టర్ల వస్తనంటి గద."

ట్రాక్టరు వాళ్లు, వడ్ల దగ్గరివాళ్లు పరుగెత్తుకొచ్చి మమ్మల్ని బయటికి లాగారు. బావను ఆ ట్రాక్టరు మీదే రోడ్డెక్కించి బోధన్ ఆసుపత్రికి పంపే ఏర్పాటు చేశారు. అంతా అయ్యాక ఒకాయన కారులోంచి పడిన ఎర్రగుడ్డ మూట చెరకు మొదట్లో చూశాడు. విప్పితే కాయ. మంచి మనుషులు. ప్రాణాలు దక్కాయి కదా అని అక్కడే కిలోమీటరు రాయికి కొట్టి, దేవుడికి దండం పెట్టి, అందరికీ తలా ముక్క పంచారు. మా వైపు ఎవరైనా అదే చేస్తారు. పండగ పూట కొబ్బరికాయ దొరికితే సాక్ష్యమని దాచిపెట్టే అలవాటు మాకు లేదు. నాకూ ఒక ముక్క ఇచ్చారు. తిన్నాను. అది మా కేసులో ఏకైక సాక్షి అని నాకప్పుడు తెలియదు.

తర్వాత కంపెనీ మనిషి అక్క ఇంటికి వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో కెమెరా, మాట నిండా మర్యాద. బావ కట్టుతో మంచం మీద ఉన్నాడు. నేను నిజామాబాద్‌లో ఉన్నాను. ఉంటే మాట్లాడనిచ్చేవాణ్ని కాదు. అక్క కుర్చీ వేసి, చాయ్ పోసి, సర్వపిండి పెట్టింది. ఇంటికొచ్చిన మనిషి దగ్గర మాట దాచడం ఆమె దృష్టిలో చాయ్‌లో చక్కెర వేయకపోవడం లాంటిది.

"బండిల ఏమన్న సామాన్ ఉండెనా అమ్మా?" అని అడిగాడట.

"ఏం లేదు బిడ్డా, కొబ్బరికాయ ఒక్కటే. నా కాళ్ల కాడనే పెట్టుకున్న."

"కాయ దొర్లిందా?"

"బండే దొర్లింది గద బిడ్డా, కాయ దొర్లకుంట ఉంటదా?"

ఆయన ఇంకో సర్వపిండి తిని వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు కంపెనీ తేల్చి ఉత్తరం రాసింది. వాహనంలో వదులుగా ఉంచిన కొబ్బరికాయ ముందుకు దొర్లి బ్రేకు పెడల్ కింద చిక్కుకున్నందువల్ల ప్రమాదం జరిగిందట. తయారీలో ఏ లోపమూ లేదట.

నేను రెండే మాటలు అడిగాను. మొదటిది, సీటు కింద నా పెన్ను పడితే వేళ్లు దూరక నెలల తరబడి వదిలేశాను. ఆ సందులోంచి పీచుతో, పిలకతో, ఎర్రగుడ్డతో సహా కొబ్బరికాయ ఎలా దూరింది? రెండోది, పెడల్ కింద ఏదైనా అడ్డం ఉంటే పెడల్ దిగదు. నాది నేల దాకా దిగింది. అడ్డం పడ్డది ఎక్కడ మరి? నిజామాబాద్ షోరూములో అడిగితే హైదరాబాద్ అన్నారు. హైదరాబాద్‌కు రాస్తే పెద్దాఫీసు అన్నారు. పెద్దాఫీసు మాత్రం మర్యాదస్తులది, ఏమీ అనలేదు.

ఊరు మాత్రం అంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు చాయ్ బండి దగ్గర నన్ను చూడగానే ఎవరో ఒకరు అనేవారు: "అన్నా, గీ కుర్చీ కింద కొబ్బరికాయ గిట్ల ఉందేమో చూసుకో, జారి పడతవ్." నాకు ఆ పేరే ఖాయమైంది. అన్నవాళ్లందరి ముఖాలూ గుర్తున్నాయి. సరే, నన్ననడం వేరు. నేను పడతాను, తిరిగి అంటాను.

అక్క అలా తిరిగి అనలేదు. ఆ ఏడు చివర్లో పక్కింటివాళ్లు బోరు వేస్తే కాయ కొట్టమని పిలిచారు. తలనొప్పి అంది. తర్వాత నారు పోసేటప్పుడు చేతులు తడిగా ఉన్నాయంది. ఆ పైన కాయ ఉన్న పళ్లెం తన వైపు వస్తే కోడలి వైపు జరపడం మొదలుపెట్టింది. జనమేమీ గమనించలేదు. పిలవడం మెల్లగా మానేశారు. నాకూ తెలిసేది కాదు. ఒకనాడు బావ చేతికర్ర పట్టుకుని అరుగు దాకా వచ్చి కూర్చుని మెల్లగా చెప్పాడు.

"మీ అక్క నా మోకాలికి నూనె పెట్టినప్పుడల్ల ఏడుస్తుంది బామ్మర్దీ. నేను పెట్టిన కాయనే గద నిన్ను కుంటోణ్ని చేసింది అంటది."

"బ్రేకు పడలేదని చెప్పలేకపోయినవా బావా?"

"చెప్పిన. నువ్వు నా తమ్మునోలె మాట్లాడుతున్నవ్ అన్నది. కంపెనోళ్లు అంత పెద్దోళ్లు, ఉట్టిగ రాస్తరా అంటది."

నేను లోపలికి వెళ్లి అక్కకు మళ్లీ మొదటినుంచి చెప్పాను. పెడల్ ఎలా దిగిందో కాలితో నేల మీద తొక్కి చూపించాను. ఆమె మొత్తం విని, "పోనీ తీయ్ తమ్మీ. నువ్వు నా మీద ప్రేమతోని అంటున్నవ్" అంది. ముప్పై ఏళ్లు ఇతరుల హద్దుల గురించి రాసి గెలిపించినవాణ్ని. మా అక్క ముందు నా సాక్ష్యం చెల్లలేదు. తమ్ముడు చెబితే ప్రేమ, కంపెనీ చెబితే నిజం.

అప్పటి నుంచి నాకు కావలసింది ఒక్కటే. కొత్త కారు కాదు, పరిహారం కాదు. నా మీద పడ్డ పేరు పోకపోయినా ఫరవాలేదు. కొబ్బరికాయ అని రాసినవాళ్లే అది కొబ్బరికాయ కాదని మా అక్కకు చెప్పాలి. అంతే.

కొన్నేళ్లకు ఆ రోజు వచ్చిందనుకున్నాను. టీవీలో ఎర్ర అక్షరాలు పరుగెత్తాయి. ఆ కంపెనీ కార్లలో బ్రేకు భాగం ఒకటి వేడెక్కితే పట్టు వదిలేస్తుందట. పెడల్ నేల దాకా దిగుతుందట. సంగతి లోపలివాళ్లకు ముందే తెలుసునట, తెలిసీ అమ్మారట. పెద్దాయన తల వంచాడు. దేశమంతా తిట్టింది. మా వీధిలో సంతోషించినవాణ్ని నేనొక్కణ్నే. స్వీటు కూడా పంచబోయాను. బ్రేకులు ఫెయిలైతే స్వీట్లేందని మా ఇంటావిడ డబ్బా లాక్కుంది.

షోరూముకు వెళ్లాను. అక్కడ మేనేజరు కొత్తాయన, పాపం, బాగా నలిగి ఉన్నాడు. బయట జనం, ఫోన్లు, అరుపులు. అయినా నా బండి నంబరు కంప్యూటర్లో కొట్టి చూశాడు.

"మీ బండి దీంట్ల రాదు సార్."

"అదే బండి. అదే ఏడు. అదే బ్రేకు."

"కరెక్టే సార్. కానీ మీది తుక్కు కింద పోయింది కద. ఇప్పుడు రోడ్డు మీద ఉన్న బండ్లకే చెకింగు. బండి లేకపోతే ఏం చెక్ చేస్తం?"

అంటే ఆ లోపం వల్ల బండి పగలకుండా ఉన్నవాళ్లకే ఆ లోపం ఉన్నట్టు. పగిలినవాళ్లది కొబ్బరికాయ. ఇంత శుభ్రమైన తర్కం నేను ఏ దస్తావేజులోనూ రాయలేకపోయాను.

"బండి వద్దు. అప్పుడు రాసింది తప్పని మా అక్కకు చెప్పండి చాలు."

"పైకి పంపిస్త సార్." పంపించాడనే అనుకుంటున్నాను. పైన చాలా ఎత్తు ఉన్నట్టుంది, ఇంకా చేరలేదు.

ఇక కోలుకోవడం మొదలైంది. చూసి నేర్చుకోవాల్సిన విద్య అది. ముందు కొన్నాళ్లు కంపెనీ నోరు మూసుకుంది. తర్వాత పేపర్లో పూర్తి పేజీ క్షమాపణ వేసింది, 'ప్రియమైన కుటుంబ సభ్యులకు' అని. నేనూ ఆ కుటుంబంలో వాణ్నేనా అని ఆలోచించాను. కుటుంబం అయితే కనీసం పెళ్లికి పిలిచి విస్తరి దాటేస్తారు కదా. తర్వాత కంపెనీ గుర్తు రంగు మార్చారు. తర్వాత ప్రకటన. ఒక తండ్రి, చిన్న కూతురు, వాన. కారు సరిగ్గా కుక్కపిల్ల ముందు ఆగుతుంది. అది చూసి మా వీధిలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. ఆ కుక్కపిల్లకు పట్టిన అదృష్టం మా బావకు పట్టలేదు. ఆ తర్వాత ఊరి బయట మైదానంలో నమ్మకాల మేళా పెట్టారు. రంగుల గొడుగులు, లక్కీ డ్రా, ఉచితంగా బ్రేకు పరీక్ష, పిల్లలకు బుడగలు. తిట్టినవాళ్లంతా బుడగలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. చాయ్ బండి దగ్గర కొత్త మాట పుట్టింది: "ఒకసారి దెబ్బతిన్న కంపెనీ అన్నా, ఇప్పుడు మంచిగ చేస్తరు." దెబ్బ తిన్నది ఎవరు బాబూ అని అడిగితే మళ్లీ కొబ్బరికాయ తీస్తారు.

అయినా బయటివాళ్లను అని లాభం లేదు. ఈ మధ్య మా మేనల్లుడు, అక్క కొడుకే, ఆ కంపెనీ కారే కొంటానన్నాడు. వాడికి కోటగిరిలో ఎరువుల దుకాణం ఉంది. నేను వద్దన్నాను.

"మామా, గిప్పుడు ఆళ్లంత జాగర్తగ ఎవ్వరుండరు. దేశమంత ఆళ్లనే చూస్తుంది."

మంచం మీది నుంచి బావ అందుకున్నాడు. "నిజమే రా. దొరికిన దొంగ కాపలా మంచిగ కాస్తడు."

"నువ్వన్న చెప్పు బావా!"

"నేనేం చెప్పాలె? నా కాలు ఒక్కటి పోయింది. ఇంకోటి మంచిగనే ఉంది. ఆళ్లకు ఇంకో ఛాన్సు ఇచ్చినట్టయితది."

కారు ఇచ్చే రోజు నిజామాబాద్ షోరూముకు అందరం వెళ్లాం. నేను వెళ్లింది మేనేజరు కోసం. కారు మీద పట్టుగుడ్డ కప్పి ఉంది. పాట పెట్టారు. ఫొటోగ్రాఫరు ఉన్నాడు. ఒక అమ్మాయి చీర కట్టుకుని పళ్లెం పట్టుకొచ్చింది. పళ్లెంలో పసుపు, కుంకుమ, పూలదండ. మధ్యలో కంపెనీ రంగు రిబ్బను కట్టిన కొబ్బరికాయ. నమ్మకాల పథకంలో భాగమట. ప్రతి కొనుగోలుదారుకూ కంపెనీ తరఫున ఒక కాయ.

నాకు నవ్వాలో అరవాలో తెలియలేదు. మా కాయ వాళ్లకు నేరం. వాళ్ల కాయ మాకు బహుమతి.

"పెద్దమ్మా, ఇంటికి పెద్దోళ్లు మీరే కద. మీరే కొట్టాలె" అని ఆ అమ్మాయి కాయ తీసి అక్క చేతుల్లో పెట్టింది. అక్క వెనక్కి జరగబోయింది కానీ కాయ అప్పటికే చేతిలో పడింది. కింద పడేస్తే అపశకునం. పట్టుకుని అలా నిలబడిపోయింది. కాయను చూడలేదు. బావ చేతికర్రను చూస్తోంది.

"కొట్టు అవ్వా, ఫొటో తీస్తుండ్రు" అన్నాడు మేనల్లుడు తల్లితో.

"నువ్వు కొట్టు బిడ్డా."

"నువ్వే కొట్టాలె గద."

నేను మేనేజరు దగ్గరికి వెళ్లాను. "సార్, మీరు పైకి పంపిన సంగతి కింద ఉంది, చూడండి. ఆ కాయ పట్టుకున్నదే మా అక్క. ఇప్పుడు ఇక్కడ చెప్పండి. ఆ రోజు తప్పు కాయదా, బ్రేకుదా?"

పాట నడుస్తూనే ఉంది. మేనేజరు గొంతు తగ్గించాడు. "సార్, శుభకార్యం టైములో ఎందుకు సార్..."

అప్పుడు అక్క మాట్లాడింది. ఇన్నేళ్లలో ఆమె కంపెనీ మనిషిని అడిగిన మొదటి ప్రశ్న.

"నాకు చెప్పు బిడ్డా. మావోడు చెప్తే నేను నమ్ముత లేను. మీరే రాసిండ్రు గద. నా కాయనేనా?"

ఆయన చెడ్డవాడు కాడు. నోరు తెరిచాడు కూడా. ఒక్క క్షణం, చెప్పేస్తాడనే అనుకున్నాను. కానీ ఫొటోగ్రాఫరును చూశాడు, గోడ మీద కొత్త రంగు గుర్తును చూశాడు, వెనక వరసలో కారు కోసం కూర్చున్నవాళ్లను చూశాడు. "అదంతా పాత ముచ్చట అమ్మా. కంపెనీ అవన్ని దాటేసింది. ఇప్పుడు మనం ముందుకు చూడాలె" అన్నాడు.

"ముందుకే చూస్త బిడ్డా," అంది అక్క. "ఆయన నా ముందే నడుస్తడు గద, కుంటుకుంట."

చప్పుడు చేయకుండా నడిచి, మేనేజరు గాజు బల్ల మీద ఆ కాయ పెట్టింది. దొర్లకుండా పక్కనే ఉన్న పూలదండ తీసి చుట్టూ కుదురులా సర్దింది. కాయ దొర్లకుండా ఎలా పెట్టాలో ఆమెకు ఎంత బాగా తెలుసో అప్పుడు చూశాను.

"ఇది గిక్కడ్నే ఉండనీయ్. నా కాయ కాదని మీరు చెప్పినప్పుడు నేనే వచ్చి కొడుత. నాదే అంటే గదన్న చెప్పుండ్రి. ఇగ జన్మల ముట్ట."

కారు కాయ కొట్టకుండానే షోరూము దాటింది. మేనల్లుడు నా మీద కోపంగా ఉన్నాడు. వాడి కోపం కూడా గుర్తు పెట్టుకున్నాను. అక్క ఆ కారెక్కలేదు. బోధన్ బస్సులో వెళ్లింది, బావ కర్ర పట్టుకుని పక్క సీట్లో. "బస్సు బ్రేకు మంచిగుందా" అని ఆయన కండక్టరును అడిగాడట. "నీకెందుకు తాతా, నువ్వేమన్న నడుపుతవా" అన్నాడట అతను. అక్క చాలా రోజుల తర్వాత నవ్విందని బావ ఫోన్లో చెప్పాడు.

నేను ఆ షోరూముకు ఇప్పటికీ వెళ్తుంటాను. వాచ్‌మన్ నన్ను ఆపడం మానేశాడు, కూలర్ దగ్గర కుర్చీ కూడా చూపిస్తాడు. కాయను మేనేజరు బల్ల మీది నుంచి తీసి కిటికీ దగ్గర పెట్టారు. పారేయడానికి ఎవరికీ ధైర్యం లేదు. మా జిల్లాలో పుట్టినవాడు పూజకాయను చెత్తలో వేయడు, ఎంత కంపెనీ కార్డు మెడలో ఉన్నా. కొట్టడానికీ లేదు. ఎవరి పేరు మీద కొడతారు? రిబ్బను రంగు వెలిసింది. మొన్న చెవి దగ్గర ఆడించి చూశాను, నీళ్ల చప్పుడు లేదు. లోపల కాయ ఎండి కుడుక అవుతోంది.

కంపెనీ పెద్దలారా, మీరు కోలుకున్నారు. చల్లగా ఉండండి. మిమ్మల్ని మళ్లీ పడగొట్టాలని నాకు లేదు, మీరు పడితే ఈసారి ఎవరి మీద పడతారో తెలియదు. నేను అడిగేది ఒక్క మాట. మా అక్క పెట్టుకున్న కాయ మీ పెడల్ కిందికి పోయిందా, లేక మీ బ్రేకే పట్టు వదిలిందా? నాకు చెప్పవద్దు. నాకు తెలుసు. కోటగిరి బస్సెక్కి మా అక్క ఇంటికి రండి. మీ మనిషి చాయ్ తాగిన కుర్చీ అక్కడే ఉంది. ఆమె మళ్లీ చాయ్ పోస్తుంది, సర్వపిండి పెడుతుంది, మీరు ఎవరన్నది కూడా అడగదు. ఆ కుర్చీలో కూర్చుని, ఆమె ముఖం చూసి, అవునో కాదో చెప్పండి. కిటికీలో కాయ ఎండిపోతోంది. ఎవరు వస్తున్నారు?